చింట్లు కోసం కొన్న బుట్ట

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను. ఈ మూడూ ఒకేసారి కలిసొస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుందేమో. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. వచ్చిన లారీ నంబరు, ధాన్యం రకం, తేమ శాతం టైపు చేయాలి, అంతే. (సూర్యాపేటలో ఉన్న మా అమ్మకు మాత్రం "మిల్లు మొత్తం నా మీదనే నడుస్తున్నది" అని చెప్పేదాన్ని. నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు పోకపోయినా మిల్లు శుభ్రంగా నడిచిందని తెలిసి కొంచెం నొచ్చుకున్నాను కూడా.) మిల్లు దగ్గర్లోనే ఒక గది, చిన్న వాకిలి ఉన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాను. పగలంతా బాగానే ఉండేది. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగు పెడితే మాత్రం "వచ్చినవా?" అని అడిగే మనిషి లేక ఇల్లు బోసిగా ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి పరువు అడ్డం వచ్చింది. అందుకని, "నేనొక కుక్కపిల్లను తెచ్చుకుంటున్నా" అని మాత్రం మిల్లంతా చెప్పాను.

చెప్పాక ఇక ఆ కుక్కపిల్ల నా ఒక్కదానిది కాకుండా పోయింది. లారీలు తూకం వేసే కాంటా దగ్గర కూర్చునే అక్క ఒకామె ఉండేది, అందరూ కాంటా అక్క అనేవాళ్లు. పగలు పిల్లను తన గదిలో కట్టేసుకుంటానని ముందే మాట ఇచ్చింది. నేను ఏదో ఇంగ్లీషు పేరు అనుకుంటున్నానని తెలిసి కయ్యిమంది. "మిర్యాలగూడల ఉండుకుంట గిదేం పేరే? ధాన్యం పేర్లకు కరువొచ్చిందా?" అంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఓటింగు పెట్టారు. మిల్లుకొచ్చే వడ్ల రకాల్లో సోనా, చింట్లు, హంస పోటీలో నిలిచాయి. హమాలీలందరూ చింట్లు వైపు చేయెత్తడంతో చింట్లు గెలిచింది. ఆ సాయంత్రమే బజారుకు పోయి ఒక వెదురు బుట్ట, అందులో పరవడానికి మెత్తటి తువ్వాల, నా మణికట్టుకు సరిపోయేంత ఎర్ర బెల్టు కొన్నాను. కుక్కపిల్ల తప్ప అన్నీ సిద్ధమైపోయాయి.

కుక్కపిల్ల ఫోనులో దొరికింది. కోదాడ నుంచి ఒకాయన ఏదో గ్రూపులో రోజూ ఫొటోలు పెట్టేవాడు. గులాబీ రంగు దుప్పటి, పక్కన ప్లాస్టిక్ పూలు, మధ్యలో మెడకు రిబ్బను కట్టిన పొట్టు రంగు ల్యాబ్రడార్ పిల్ల. (ఏ ఫొటో చూసినా అదే దుప్పటి, అవే పూలు. అక్కడ నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, పైగా మనిషి ఎంత పద్ధతిగా ఉన్నాడో అనుకున్నాను.) నేనేం అడిగినా ఆయన సర్టిఫికెట్ సంగతే చెప్పేవాడు. పిల్ల ఏం తింటుందండీ అంటే "సర్టిఫికెట్ ఉందండి మేడం" అనేవాడు. వీడియో కాల్‌లో చూపిస్తారా అంటే "సిగ్నల్ ఉండదండి, సర్టిఫికెట్ ఫొటో పంపిస్తాను" అనేవాడు. నేను మనసులో ఆయనకు సర్టిఫికెట్ సారు అని పేరు పెట్టుకున్నాను. ఆదివారం వస్తానని మాట ఇచ్చేశాను.

శనివారం ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. "కుక్కనా? నిన్ను సాదుడే నాతోని అయితలేదు, ఇగ నీకో కుక్కా?" అని ఒక్క అరుపు అరిచి, నాకు బుద్ధి చెప్పమని వాళ్ల అన్నకు ఫోన్ చేసింది. మా మేనమామది పెన్‌పహాడ్ దగ్గర ఒక పల్లె. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గొర్ల మందే ఆయన లోకం. ఎండాకాలంలో కూడా భుజం మీద గొంగడి ఉండాల్సిందే. నాకు బుద్ధి చెప్పాల్సిన మనిషి అమ్మ చెప్పిందంతా విని, "కుక్కనా? మంచిదే గదా సెల్లె. నేను గూడ వస్త. తల్లిని సూడాలె" అన్నాడు. అమ్మ ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మా మామ వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. మందకు కాపలా కుక్క కావాలంటే పక్క ఊరి మందలో ఈనిన కుక్కను వెతుక్కుంటారు. ముందు తల్లిని చూస్తారు. అది ఎట్లా తింటుంది, కొత్తవాళ్లను చూస్తే ఏం చేస్తుంది, పిల్లలను ఎట్లా చూసుకుంటుంది, అన్నీ చూసి వచ్చేస్తారు. పిల్లలు సొంతంగా అంబలి తాగేదాకా ఆగి మళ్లీ పోతారు. పిల్లను ఎత్తుకునే ముందు తల్లికి తమ చేత్తో జొన్నరొట్టె పెట్టాలి. తల్లి ఆ రొట్టె తింటే పిల్లను ఇచ్చినట్టు. నాకిదంతా తెలుసు, కానీ సర్టిఫికెట్ ఉన్న కుక్కకు కూడా ఇది వర్తిస్తుందని అనుకోలేదు. ఆదివారం పొద్దున సూర్యాపేట బస్టాండులో మామ గొంగడి కొంగు విప్పి చూపిస్తే లోపల రెండు జొన్నరొట్టెలు ఉన్నాయి. "మామా, అక్కడ గివన్నీ తియ్యకు, నా ఇజ్జత్ పోతది" అన్నాను. "ఇజ్జత్ నీది, పద్ధతి నాది. రెండూ ఒక్క బస్సుల పోవచ్చు తియ్యి" అన్నాడు. ఒళ్లో ఖాళీ బుట్ట పెట్టుకొని నేను, ఒళ్లో రొట్టెలు పెట్టుకొని ఆయన కోదాడ బస్సెక్కాం. కండక్టరు బుట్టలోకి తొంగి చూసి, "ఏం తెస్తున్రమ్మా, మామిడికాయలా?" అంటే, "కాదు, ల్యాబ్రడార్" అని బస్సులో సగం మందికి వినపడేలా చెప్పాను.

సర్టిఫికెట్ సారు ఇల్లు బాగానే ఉంది. ముందు గదిలో సోఫా, ఏసీ, గోడకు కుక్కల ఫొటోలు. సోఫా పక్కనే గులాబీ దుప్పటి, ప్లాస్టిక్ పూలు. వాటిని చూసి సినిమా వాళ్ల ఇల్లు చూసినంత సంబరపడ్డాను. ఆయన పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. రెండు గుప్పిళ్లలో పట్టేంత ఉంది. ఒణుకుతూ నా చున్నీలోకి ముక్కు దూర్చింది. నేను ఇక ఈ లోకంలో లేను. అప్పుడే "చింట్లూ" అని పిలిచేశాను కూడా.

"తల్లేది సారూ?" అన్నాడు మామ.

"తల్లి ఇక్కడ ఉండదండి బాబాయ్ గారూ, ఫామ్‌లో ఉంటుందండి. సర్టిఫికెట్ చూపించమంటారా?"

"కాయిదం మొరుగుతదా సారూ? నాకు తల్లి గావాలె. రొట్టె పెట్టాలె." అంటూ మామ గొంగడి విప్పనే విప్పాడు. నేను తల దించుకున్నాను.

"ఆ రొట్టె మాకివ్వండి, మేం పెడతాం కదండీ."

"నా చేత్తోనే పెట్టాలె. ఫామ్ ఏడున్నది? గాడికే పోదాం."

"మేళ్లచెరువు అవతలండి. ఇవాళ తాళం వేసుందండి."

"తాళమేస్తే కుక్కకు నీళ్లెవరు పోస్తరు?"

సర్టిఫికెట్ సారు దగ్గర దానికి సర్టిఫికెట్ లేదు. కాసేపు తల గోక్కుని, "ఉండండి, తల్లి ఇక్కడే ఉన్నట్టుంది" అని లోపలికి పోయి, మెడకు గొలుసుతో ఒక పెద్ద ల్యాబ్రడార్‌ను తీసుకొచ్చాడు. నున్నగా, బలంగా, తోక ఊపుకుంటూ వచ్చింది. "చూశావా మామా!" అన్నాను గర్వంగా. మామ చూశాడు. ఆయన ఎక్కడ చూడాలో అక్కడే చూశాడు. చూసి, రొట్టెను సగానికి తుంచి దానికి పెట్టి, వీపు నిమిరి, చాలా మర్యాదగా అన్నాడు. "మంచి కుక్కనే సారూ. గని ఇది మగది."

ఆ క్షణంలో ఆ గదిలో సిగ్గుపడని ప్రాణి ఆ కుక్క ఒక్కటే. రొట్టె బాగుందని ఇంకో ముక్క కోసం చూస్తోంది. "పొరపాటున వేరేది వచ్చిందండి" అని సారు నసిగాడు. మామ ఈలోగా నా ఒళ్లోంచి పిల్లను తీసుకొని, సంతలో గొర్రెపిల్లను చూసినట్టు వేలితో పెదవి ఎత్తి నోరు చూశాడు. "ఎన్ని దినాలు అంటిరి సారూ?" "రెండు నెలలు నిండాయండి." "పండ్లే రాలే. నెల గూడ నిండలే దీనికి. ఇంక తల్లి కడుపుల మూతి పెట్టుకోని పండాల్సినది." నోరు తెరిచినందుకు పిల్ల కుయ్యిమని ఏడ్చింది. ఆ ఏడుపుకు ఇంటి వెనక ఎక్కడి నుంచో ఇంకో ఏడుపు జవాబిచ్చింది. సన్నగా, గీరుకుపోయిన గొంతుతో. సారు గబుక్కున టీవీ సౌండు పెంచాడు. కానీ మందలో ఏ పిల్ల అరిస్తే ఏ తల్లి పలికిందో చెప్పగలిగిన మనిషి దగ్గర టీవీ ఏం చేస్తుంది? మామ పిల్లను ఎత్తుకొని, రొట్టె పట్టుకొని, అడ్డం వచ్చిన సారును పక్కకు జరిపి వెనక్కి నడిచాడు. ఆయన వెనక నేను.

వెనక ఒక రేకుల షెడ్డు. అందులో వరసగా ఇనుప జాలీ పెట్టెలు. చివరి పెట్టెలో ఉంది తల్లి. లేచి నిలబడితే వీపు పైకి తగులుతుంది, వెనక్కి తిరగడానికి చోటు లేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, పొదుగు మాత్రం నేల దాకా వేలాడుతోంది. పిల్ల వాసన తగలగానే జాలీకి మూతి ఆనించి తోక ఊపింది. ఊపడానికీ చోటు లేక ఆ తోక ఇనుముకు టక్ టక్ మని కొట్టుకుంది. మామ కింద కూర్చొని, మిగిలిన రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి జాలీ సందుల్లోంచి పెట్టాడు. అది అన్నీ తింది. పద్ధతి ప్రకారం చూస్తే తల్లి పిల్లను ఇచ్చినట్టే. కానీ మామ లేచి పిల్లను తీసుకుపోయి సారు చేతుల్లో పెట్టాడు. "తల్లి దగ్గర ఏయ్యి సారూ. మేం కొంటలేం."

నేను అక్కడే ఏడ్చేశాను. "మామా, కనీసం దీన్నన్నా కాపాడుదాం. తీస్కపోదాం మామా" అని గొంగడి పట్టుకొని లాగాను. ఆయన నన్ను గేటు బయటికి తీసుకొచ్చాక చెప్పాడు. "కోడలా, ఇయ్యాల నువ్వు దీన్ని కొంటే వానికి సంబురం. రేపే ఆ తల్లిని ఇంకో ఈతకు కట్టేస్తడు. నువ్వు కాపాడేది పిల్లను గాదు, వాని ధందాను." మాట అర్థమైంది. అర్థమైనందుకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. తిరుగు బస్సులో మా ఖర్మకొద్దీ పొద్దుటి కండక్టరే ఎదురయ్యాడు. ఖాళీ బుట్టను, నా ముఖాన్ని చూసి ఏమీ అడగకుండా టికెట్లు కొట్టిచ్చాడు. నేను మామతో సూర్యాపేట దాకా మాట్లాడలేదు. కుక్క పోయింది, పరువు పోయింది, రేపు మిల్లుకు ఏ ముఖం పెట్టుకొని పోవాలి అన్నదే నా గోల. (ఆ పెట్టెలో ఉన్నదాని గోల కూడా మనసులో ఉంది, కానీ నిజం చెప్పాలి కదా, ముందు నా పరువే గుర్తొచ్చింది.)

బస్సు దిగాక మామ ఇంటి వైపు కాకుండా పశువుల దవాఖానలో పనిచేసే డాక్టరమ్మ ఇంటికి నడిపించాడు. ఏటా వాళ్ల గొర్లకు సూదులు వేసేది ఆమే. అంతా విని, ఆమె ముఖం గంటు పెట్టుకుంది. "కుక్కలను ఈనిపించి అమ్మాలంటే లైసెన్సు ఉండాలె. రెండు నెలలు నిండకుండ పిల్లను తల్లి నుంచి తియ్యొద్దు. మీరు చూసింది చూసినట్టు రాసియ్యండి, ఎవరికి చేరాల్నో వాళ్లకు నేను చేరుస్త" అంది. రాయడం అనేసరికి నాకు చెమట పట్టింది. సారు దగ్గర నా నంబరు ఉంది, మిల్లు పేరు కూడా గొప్పకు చెప్పి ఉన్నాను. అయినా ఆ తోక చప్పుడు చెవుల్లోంచి పోలేదు. కాగితం తీసుకున్నాను. నాకొచ్చిన రాత మిల్లు రాతే కాబట్టి, "సదరు ఇంటి వెనుక భాగమున రేకుల షెడ్డు నందు ఒక తల్లి కుక్కను నిల్వ చేసియున్నారు" అని మొదలుపెట్టాను. డాక్టరమ్మ చదివి నవ్వింది. "నిల్వ చేసిండా? బస్తా అనుకున్నవా అమ్మా?" అంది. కాగితం ఇంకోసారి చదివి, "ఉండనీ, అట్లనే ఉండనీ. వాడు చేసింది గదే" అంది. కింద నేను సంతకం పెట్టాను. నా ఒక్కదాని పేరు ఉంటే భయపడతానని మామ కూడా పెట్టాడు. నేను ఉత్తరమంతా రాసినంత సేపు పట్టింది ఆయన సంతకానికి.

సోమవారం మిల్లులో జరిగిన అవమానం గురించి క్లుప్తంగా చెబుతాను. హమాలీలు పిల్ల కోసం పాల ప్యాకెట్ తెచ్చి ఉంచారు. నేను జరిగింది చెప్పేదాకా నవ్వారు, చెప్పాక ఎవరూ నవ్వలేదు. ఆ పాలతో కాంటా అక్క అందరికీ చాయ్ పెట్టింది. నెల దాటాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. అధికారులు పోయి చూశారట, కుక్కలన్నిటినీ బయటికి తెచ్చారట. సూర్యాపేట శివారులో దిక్కులేని జంతువులను చూసుకునే ఒక దంపతుల దగ్గర ఉంచారట. పిల్లలకు ఇప్పుడు రెండు నెలలు నిండాయి, కావాలంటే వచ్చి చూసుకోమంది. నేను సెలవు పెట్టి, బుట్ట, తువ్వాల, ఎర్ర బెల్టు పట్టుకొని పరుగెత్తాను. మామ మళ్లీ రొట్టెలు కట్టుకొని వచ్చాడు.

అక్కడ ఆ ఇంటావిడ నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది. పగలు ఎవరు చూస్తారు? ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా? జబ్బు చేస్తే ఏ దవాఖానకు తీసుకుపోతావు? ఊరు మారితే ఏం చేస్తావు? పెళ్లయితే? (నా పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని మా ఆయన అంటుంటాడు.) సర్టిఫికెట్ సారు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది. మామ మాత్రం పక్కన కూర్చొని, తన మనిషి దొరికినట్టు ప్రతి ప్రశ్నకూ తల ఊపుతూ ఆనందించాడు. పరీక్ష పాసయ్యాక పిల్లలను వదిలారు. బొద్దుగా, పండ్లతో సహా (మామ చూశాడు), ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. వాటిలో నా చింట్లు ఏదో కూడా గుర్తుపట్టాను. అన్నిటికీ అడిగినవాళ్లు ఉన్నారట, నాదే మొదటి వంతట. "తల్లిని మాత్రం ఎవ్వరూ అడుగుతలేరు. పెద్దది, ఈతల మీద ఈతలతోని నలిగింది" అంది ఇంటావిడ.

తల్లి వాకిలి చివర గోడకు ఆనుకొని నిలబడి ఉంది. మామ పిలిచి రొట్టె చూపిస్తే మెల్లగా వచ్చింది. రొట్టె తిన్నది, నన్ను వాసన చూసింది, నా పక్కన నేల మీద పెట్టిన బుట్టను వాసన చూసింది. తర్వాత ఒక కాలు బుట్టలో పెట్టింది. రెండో కాలు పెట్టింది. నాలుగు కాళ్లూ ఎట్లాగో ఇరికించి, నడుము ముడిచి, తల దించి, చంటిపిల్ల కోసం కొన్న ఆ బుట్టలో కూర్చుంది. వెదురు కిర్రుమంది, అన్ని వైపులా కుక్కే పొంగింది. అందరం పకపకా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరమే ఆగిపోయాం. వాకిలంతా ఖాళీగా ఉంది, ఎండ పడుతోంది, చెట్టు నీడ ఉంది. దానికి మాత్రం తన చోటు అంటే అంతే అని తెలుసు. అంతకన్నా పెద్ద చోటు కూడా తనదవుతుందని దానికి ఎవరూ చెప్పలేదు.

"మామా," అన్నాను. "నేను పిల్ల కోసం వచ్చిన."

"తల్లిని సూడకుంట పిల్లను తేవద్దన్న గని, తల్లినే తేవద్దని ఎన్నడన్న అన్ననా?" అన్నాడు మామ.

పిల్లలన్నీ మంచి ఇళ్లకే పోయాయి. ల్యాబ్రడార్ పిల్లకు గిరాకీ ఎక్కడైనా ఉంటుంది. నేను మాత్రం చింట్లు అన్న పేరును తల్లికి పెట్టి, ఆటో మాట్లాడుకొని తీసుకొచ్చాను. మిల్లులో దిగినప్పుడు కాంటా అక్క కళ్లద్దాలు సర్దుకొని, "పిల్ల అంటివి గదనే, గిదేందే?" అంది. "పిల్లనే అక్కా, జర ఎదిగింది" అన్నాను. కాంటా మీద నిలబెట్టి తూకం కూడా వేశారు. మిల్లులో అంత తక్కువ బరువు ఎప్పుడూ పడలేదని హమాలీలు గోల చేశారు. ఎర్ర బెల్టు మెడకు సగం కూడా రాలేదు. అది మామ తీసుకుపోయి ఒక గొర్రెపిల్లకు కట్టాడు. కుక్కను చూసి పుట్టింటికి పోతానని బెదిరించిన మా అమ్మ, పోయే పుట్టిల్లు మామదేనని గుర్తొచ్చి ఆగిపోయింది. ఇప్పుడు ఆమె వేసే మొదటి ముద్ద చింట్లుదే.

ఆరేళ్లయింది. ఇప్పుడు నేను పెళ్లయి సూర్యాపేటలోనే, అమ్మకు దగ్గర్లో ఉంటున్నాను. చింట్లు మూతి తెల్లబడింది, చెవులు కాస్త మందగించాయి. మొదటి ఏడాదంతా ఆ బుట్టలోనే ముడుచుకొని పడుకునేది. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే, గడపకు అడ్డంగా నాలుగు కాళ్లూ బారజాపి, పొట్ట పైకి పెట్టి, గురక పెడుతూ పడుకొని ఉంది. ఆ రోజు బుట్టను తీసి ఉల్లిగడ్డలకు వాడుకోవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా దాన్ని దాటుకునే రావాలి. అది లేవదు, మేం లేపం. సాయంత్రం తాళం తీసే పని నాకిప్పుడు లేదు, తలుపు తీసే ఉంటుంది. చింట్లును దాటుతూ ఒక్కోసారి ఆ బస్సులో ఖాళీ బుట్టతో ముక్కు ఎగబీల్చిన పిల్ల గుర్తొస్తుంది. మామతో మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. ఏడవకు, నీ కుక్క వస్తున్నది, కాస్త పెద్ద బెల్టు కొనిపెట్టుకో అని చెప్పాలనిపిస్తుంది.